వికిరణం – లింఫోసైటు మరణం: ఒక భావన చరిత్ర (1903–1998)

ఉపోద్ఘాతం

తెలుగు వ్యాకరణంలో 'చంపు' సకర్మక క్రియ. 'చచ్చు' అకర్మక క్రియ. మొదటిదానికి చంపేవాడూ చచ్చేవాడూ ఇద్దరూ కావాలి. రెండవదానికి మరణించేవాడొక్కడే చాలు. వికిరణానికి గురైన జీవకణం విషయంలో ఈ రెండు క్రియలలో ఏది తగినది? పైకి ఇది మాటల మీద చర్చగా కనిపిస్తుంది. అయితే ఇరవయ్యో శతాబ్దిలో దాదాపు తొంభై ఏళ్ళపాటు సాగిన ఒక శాస్త్ర పరిశోధన సారాంశం ఈ ప్రశ్నలోనే ఉంది. వికిరణం కణాన్ని చంపుతుందన్న నమ్మకంతో ఆ పరిశోధన మొదలైంది. వికిరణం కలిగించిన గాయాన్ని గుర్తించి కణమే మరణిస్తుందన్న నిర్ణయానికి అది చేరుకొంది.

ఈ మార్పుకు కారణమైన కణం లింఫోసైటు. రక్తంలోనూ, ప్లీహంలోనూ, లసికా గ్రంథులలోనూ, థైమస్ గ్రంథిలోనూ నివసించే ఈ చిన్న తెల్లకణం శరీర రక్షణ వ్యవస్థకు ఆధారం. ప్రతిరక్షకాలను తయారు చేసే వంశానికి చెందిన బి కణాలు, వైరస్ సోకిన కణాలను గుర్తించి నిర్మూలించే టి కణాలు, సహజ సంహారక కణాలు ఈ జాతికి చెందినవే. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు వంటి అయనీకరణ వికిరణానికి మానవదేహంలో అందరికంటె ముందు లొంగిపోయే కణాలలో ఇది ఒకటి. ఎందుకు లొంగిపోతుంది, ఎలా లొంగిపోతుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు ఏ క్రమంలో, ఏ సందర్భాలలో లభించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చర్మం నుంచి లోపలికి: హైనెకె పరిశీలన

1895 నవంబరులో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరమే హెన్రీ బెకరల్ యురేనియం లవణాల నుంచి వెలువడే కిరణాలను గుర్తించాడు. 1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని ప్రకటించారు. ఈ కిరణాలు హాని చేస్తాయన్న సంగతి త్వరలోనే తెలిసింది. అయితే కంటికి కనిపించిన హాని చర్మానికి సంబంధించినది: ఎర్రబారడం, వెంట్రుకలు రాలడం, మానని పుండ్లు. థామస్ ఎడిసన్ ప్రయోగశాలలో ఎక్స్ కిరణాలతో పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు అలాగే దెబ్బతిన్నాయి. 1904లో అతడు మరణించాడు. కిరణాలు శరీరం గుండా దూసుకుపోయి ఎముకల నీడలు చూపుతున్నా, అవి దారిలో లోపలి అవయవాలను ఏమి చేస్తున్నాయో చూడాలన్న ఆలోచన కొద్దిమందికే కలిగింది.

ఆ కొద్దిమందిలో ముఖ్యుడు లైప్‌జిగ్‌కు చెందిన శస్త్రవైద్యుడు హెర్మన్ హైనెకె. ఆయన ఎలుకలను, గినీపందులను ఎక్స్ కిరణాలకు గురిచేసి, తరువాత వాటి అవయవాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. 1903లో ఆయన ప్రకటించిన ఫలితాలు ఆనాటి అంచనాలకు భిన్నమైనవి. చర్మం మీద ఏ గుర్తూ లేకపోయినా ప్లీహంలో, లసికా గ్రంథులలో లింఫోసైట్ల గుంపులు నశించాయి. అందులోనూ ఆ నాశనం వారాలకో రోజులకో కాదు, కొన్ని గంటలలోనే మొదలైంది. కణకేంద్రకాలు ముక్కలై, ఆ శిథిలాలను భక్షక కణాలు మింగివేసి, కణజాలం శుభ్రపడినట్టు కనిపించింది.

ఈ వర్ణనలో తరువాతి కాలానికి ఉపయోగపడిన మూడు అంశాలున్నాయి. మరణం వేగంగా జరిగింది. అది కేంద్రకంలో మొదలైంది. మరణించిన కణాలను పొరుగుకణాలు నిశ్శబ్దంగా తొలగించాయి. డెబ్బై ఏళ్ళ తరువాత ఒక కొత్త పేరుతో వర్ణించబడిన దృశ్యమే ఇది. కాని 1903లో ఆ దృశ్యానికి పేరు లేదు. పేరు లేనందువల్ల అది 'కణనాశనం' అన్న సాధారణ శీర్షిక కిందనే ఉండిపోయింది.

వైద్యులు మాత్రం వివరణ కోసం ఆగలేదు. 1902లో విలియం పూసీ హాడ్జ్‌కిన్ వ్యాధిలో ఉబ్బిన లసికా గ్రంథుల మీద, 1903లో నికొలస్ సెన్ రక్తకాన్సరు మీద ఎక్స్ కిరణాలను ప్రయోగించారు. గ్రంథులు కరిగాయి, తెల్లకణాల సంఖ్య తగ్గింది; అయితే ఆ మేలు శాశ్వతం కాలేదు.

సూత్రం, దానికి ఎదురునిలిచిన మినహాయింపు

1906లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగరానికి చెందిన జాన్ బెర్గోనియే, లూయీ ట్రిబొండో ఎలుకల వృషణాల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. తరచుగా విభజన చెందే కణాలు, ఇంకా తమ ప్రత్యేక రూపాన్ని సంతరించుకోని కణాలు వికిరణానికి ఎక్కువగా లొంగుతాయి. విభజన మానుకొని స్థిరపడిన కణాలు తట్టుకొంటాయి. కాన్సరు చికిత్సకు ఈ సూత్రం హేతుబద్ధమైన పునాది వేసింది. మూలుగ, పేగుల లోపలి పొర, వెంట్రుకల మూలాలు ఎందుకు త్వరగా దెబ్బతింటాయో, మెదడు, కండరాలు ఎందుకు తట్టుకొంటాయో ఇది చక్కగా వివరించింది.

లింఫోసైటు మాత్రం ఈ సూత్రానికి లొంగలేదు. రక్తంలో తిరిగే చిన్న లింఫోసైటు ఎదిగిన కణం. అది విభజన చెందకుండా నెలలు, ఏళ్ళు కూడా ఉండగలదు. సూత్రం ప్రకారం అది గట్టిపిండం కావాలి. వాస్తవంలో అది అతి సుకుమారి. స్త్రీ అండకణం వంటి ఒకటి రెండు కణాలతో కలిపి దీనిని 'మినహాయింపు'గా పాఠ్యగ్రంథాలు దశాబ్దాలపాటు పేర్కొంటూ వచ్చాయి. ఒక సూత్రానికి మినహాయింపు ఉన్నప్పుడు సూత్రాన్ని కాపాడుకొని మినహాయింపును పక్కన పెట్టడం ఒక మార్గం. ఆ మినహాయింపే మరో సూత్రానికి తొలి ఉదాహరణ కావచ్చునని అనుమానించడం మరొక మార్గం. ఇరవయ్యో శతాబ్ది తొలి సగం మొదటి మార్గాన నడిచింది.

దీనికొక కారణముంది. ఆ కాలంలో లింఫోసైటు చేసే పని ఏమిటో ఎవరికీ స్పష్టంగా తెలియదు. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జేమ్స్ మర్ఫీ 1914లో ఒక ముఖ్యమైన ఆధారం చూపాడు. చిట్టెలుక కణితిని పెద్ద జాతి ఎలుకలో నాటితే సాధారణంగా అది తిరస్కరింపబడుతుంది. ముందుగా ఎక్స్ కిరణాలతో ఆ ఎలుకలోని లింఫోసైట్లను నశింపజేస్తే పరాయి కణితి పెరిగింది. 1915లో షికాగోలో లుడ్విగ్ హెక్టోయెన్ వికిరణం వల్ల జంతువులలో ప్రతిరక్షకాల ఉత్పత్తి తగ్గుతుందని చూపాడు. అంటే వికిరణం ఇక్కడ లింఫోసైటు పనిని వెల్లడించే సాధనమైంది. ఏ దీపం ఆరిస్తే ఏ గది చీకటి అవుతుందో చూసినట్టు, ఏ కణం పోతే ఏ శక్తి పోతుందో వారు చూశారు. కాని మర్ఫీ నిర్ణయాలకు ఆనాడు తగిన ఆదరణ లభించలేదు. 1950ల చివర, 1960ల తొలినాళ్ళలో ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ పరిశోధనలూ, 1961లో థైమస్ గ్రంథి పాత్ర గురించి జాక్ మిల్లర్ పరిశోధనలూ వెలువడిన తరువాతనే లింఫోసైటు రక్షణ వ్యవస్థకు కేంద్రమన్న సత్యం స్థిరపడింది.

1945: లెక్కించబడిన రక్తం

ప్రయోగశాలలో ఎలుకలలో కనిపించిన దృశ్యం 1945 ఆగస్టులో మనుషులలో కనిపించింది. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. మంటలకు, పేలుడుకు చనిపోయినవారు పోగా, పైకి గాయాలు లేనివారు కూడా కొన్ని రోజుల తరువాత జ్వరం, రక్తస్రావం, జుట్టు రాలడం, గొంతులో పుండ్లు వంటి లక్షణాలతో మరణించసాగారు. హిరోషిమాలోని ఒక ఆసుపత్రికి అధిపతి అయిన వైద్యుడు మిచిహికో హచియా తన దినచర్యలో ఈ అయోమయాన్ని నమోదు చేశాడు. టోక్యో నుంచి సూక్ష్మదర్శిని చేరిన తరువాత రక్తకణాలు లెక్కించగా తెల్లకణాల సంఖ్య దారుణంగా పడిపోయినట్టు తెలిసింది. ఇన్నాళ్ళూ అంటువ్యాధి కాబోలునని అనుమానించిన స్థితికి అప్పుడొక రూపం ఏర్పడింది.

టోక్యో విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్య ఆచార్యుడు మసావో త్సుజుకికి ఈ దృశ్యం పూర్తిగా కొత్తది కాదు. కుందేళ్ళ శరీరం మీద ఎక్స్ కిరణాల ప్రభావాన్ని ఆయన అంతకు ముందే పరిశోధించి, 1926లో అమెరికాలో ఫలితాలు ప్రచురించాడు. హిరోషిమా నుంచి టోక్యో చేరిన రంగస్థల నటి మిదోరి నాకా ఆయన ఆసుపత్రిలోనే ఆగస్టు 24న మరణించింది. అణుబాంబు వికిరణమే మరణకారణమని వైద్యపరంగా నమోదైన తొలి వ్యక్తిగా ఆమె పేరు చరిత్రలో నిలిచింది.

అదే కాలంలో అమెరికాలోని లాస్ ఆలమోస్ అణు ప్రయోగశాలలో రెండు ప్రమాదాలు జరిగాయి. 1945 ఆగస్టు 21న హారీ డాగ్లియన్, 1946 మే 21న లూయీ స్లోటిన్ ప్లూటోనియం గోళంతో పనిచేస్తూ తీవ్ర వికిరణానికి గురయ్యారు. మొదటివాడు 25 రోజులకు, రెండవవాడు 9 రోజులకు మరణించారు. ఆ రెండు ప్రమాదాల బాధితుల రక్తపరీక్షల వివరాలతో హెంపెల్‌మన్, లిస్కో, హాఫ్‌మన్ 1952లో ప్రచురించిన నివేదిక తీవ్ర వికిరణ వ్యాధిని గంటల వారీగా చిత్రించింది.

ఈ నమోదుల నుంచి ఒక కాలక్రమం స్పష్టమైంది. వికిరణం తరువాత మొదట పడిపోయేది లింఫోసైట్ల సంఖ్య. ఒకటి రెండు రోజులలోనే ఆ పతనం కనిపిస్తుంది. సూక్ష్మజీవులను మింగే న్యూట్రోఫిల్ కణాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫలకికలు తరువాతి రోజులలో, వారాలలో తగ్గుతాయి. ఈ రెండు పతనాలకు కారణాలు వేరు. న్యూట్రోఫిల్, ఫలకిక వికిరణం వల్ల నేరుగా చనిపోవు. వాటికి జన్మనిచ్చే మూలుగలోని మూలకణాలు దెబ్బతినడం వల్ల, పాతవి సహజంగా ముగిసిపోయినప్పుడు కొత్తవి రావు. పంట పండక గాదె ఖాళీ అవడం వంటిది ఇది. లింఫోసైటు విషయంలో గాదెలోని ధాన్యమే నశిస్తుంది. రక్తంలో అప్పటికే ఉన్న ఎదిగిన కణమే మరణిస్తుంది.

ఈ తేడా వైద్యానికి ఒక కొలతనిచ్చింది. 1958 జూన్‌లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో జరిగిన ప్రమాదం తదితర అనుభవాల ఆధారంగా గౌల్డ్ ఆండ్రూస్, ఆయన సహచరులు 1965లో లింఫోసైట్ల సంఖ్యను బట్టి వికిరణ తీవ్రతను అంచనా వేసే పటాన్ని రూపొందించారు. ఆ సంప్రదాయంలో, రెండు రోజుల తరువాత ఘన మిల్లీమీటరు రక్తంలో 1200 పైగా లింఫోసైట్లు ఉంటే ప్రాణాపాయం లేదనీ, 300 లోపు ఉంటే పరిస్థితి విషమమనీ భావిస్తారు. రక్షణ కణాల మరణమే, మనిషి బతుకుతాడో లేదో ముందుగా చెప్పే సాక్షి అయింది.

రెండు రకాల మరణం

1956లో అమెరికాలోని డెన్వర్‌లో థియొడొర్ పక్, ఫిలిప్ మార్కస్ గాజుపాత్రలలో పెంచిన మానవకణాలను ఎక్స్ కిరణాలకు గురిచేసి, ఎన్ని కణాలు తిరిగి సంతతిని ఉత్పత్తి చేయగలవో లెక్కించారు. వికిరణం తగిలిన కణాలు వెంటనే చనిపోలేదు. చాలా కణాలు కొంతకాలం బతికే ఉన్నాయి, ఉబ్బాయి, ఒకటి రెండు సార్లు విభజనకు ప్రయత్నించాయి. ఆ ప్రయత్నంలో విఫలమయ్యాయి. దీనిని సంతానశక్తి మరణం అనవచ్చు. క్రోమోజోములు విరిగిన కణం వాటిని సమంగా పంచలేక విభజన వేళ నశిస్తుంది. బెర్గోనియే, ట్రిబొండోల సూత్రానికి ఇది యాంత్రికమైన వివరణ ఇచ్చింది: విభజన జరిగితేనే గాయం బయటపడుతుంది.

లింఫోసైటు విభజన కోసం ఎదురుచూడదు. విభజనకు ముందే, విశ్రాంతిలో ఉండగానే మరణిస్తుంది. దీనిని 'మధ్యదశా మరణం' అని వేరుచేసి వ్యవహరించారు. అమెరికాలోని రాబర్ట్ ష్రెక్ మానవ లింఫోసైట్లను శరీరం వెలుపల ఉంచి వికిరణానికి గురిచేసి ఈ మరణాన్ని అనేక సంవత్సరాలపాటు అధ్యయనం చేశాడు.

ఇక్కడ ఒక అనుకోని సాధనం చేతికందింది. చిక్కుడు జాతి గింజల నుంచి తీసిన ఫైటోహిమాగ్లుటినిన్ అనే పదార్థాన్ని కలిపితే విశ్రాంతిలో ఉన్న లింఫోసైటు మేల్కొని విభజన చెందుతుందని 1960లో పీటర్ నోవెల్ కనుగొన్నాడు. దీనివల్ల రెండు ఫలితాలు కలిగాయి. మొదటిది: 1962లో మైఖేల్ బెండర్, గూచ్ వికిరణం తగిలిన మానవరక్తంలో బతికి మిగిలిన లింఫోసైట్లను విభజింపజేసి, వాటి క్రోమోజోములలోని విరుగుళ్ళను, అతుకుళ్ళను వికిరణ మోతాదుతో అనుసంధించారు. ఒకే క్రోమోజోముకు రెండు నడుములు ఏర్పడే విపరీత రూపాలను లెక్కించి ఒక వ్యక్తి ఎంత వికిరణం పొందాడో అంచనా వేసే పద్ధతి ఇందులోంచి పుట్టింది. చనిపోయిన లింఫోసైట్లు ఒక సాక్ష్యం చెబితే, బతికిన లింఫోసైట్లు మరో సాక్ష్యం చెప్పసాగాయి.

రెండవ ఫలితం భావన దృష్ట్యా మరింత విలువైనది. ఆ పదార్థంతో మేల్కొలిపిన లింఫోసైట్లు వికిరణాన్ని ఎక్కువగా తట్టుకొంటాయని ష్రెక్, స్టెఫానీ 1964లో చూపారు. సూత్రం ప్రకారం విభజనకు సిద్ధమైన కణం బలహీనపడాలి, ఇది బలపడింది. కిరణం అదే, మోతాదు అదే, విరిగే అణువులూ అవే. మారినది కణం స్థితి ఒక్కటే. ఫలితం మారినప్పుడు కారణాన్ని కిరణంలో మాత్రమే వెదకడం చాలదని ఈ ప్రయోగం సూచించింది. అయినా ఆ సూచనను పూర్తిగా అందుకొనే భాష అప్పటికి ఏర్పడలేదు.

ఆకు రాలిన పేరు

ఆ భాష వికిరణ పరిశోధన నుంచి రాలేదు. ఆస్ట్రేలియా దేశస్థుడైన జాన్ కెర్ ఎలుకల కాలేయానికి రక్తప్రసారం తగ్గించినప్పుడు కొన్ని కణాలు ఉబ్బి పగలకుండా, ముడుచుకొని చిన్న ముక్కలుగా విడిపోవడం గమనించాడు. ఆయన స్కాట్లండులోని అబర్డీన్‌కు వచ్చి ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కరీలతో కలిసి పనిచేశాడు. 1972లో వారు ముగ్గురూ ప్రచురించిన వ్యాసం ఈ రకమైన మరణానికి 'అపోప్టోసిస్' అని పేరుపెట్టింది. ఈ గ్రీకు పదాన్ని సూచించినవాడు అబర్డీన్‌లోని గ్రీకు భాషాచార్యుడు జేమ్స్ కోర్మాక్. చెట్టు నుంచి ఆకులు, పూవు నుంచి రేకులు రాలడం దాని అర్థం.

శాస్త్రంలో పేరు కేవలం గుర్తు కాదనడానికి ఇదొక నిదర్శనం. అంతకు ముందు వాడుకలో ఉన్న పదం 'నెక్రోసిస్'. శవాన్ని సూచించే ధాతువు నుంచి వచ్చినది. అందులో కణం ఉబ్బుతుంది, పొర చిట్లుతుంది, లోపలి పదార్థం బయటపడి చుట్టూ వాపు పుడుతుంది. కొత్త పదం సూచించినది దీనికి భిన్నం. ఆకు రాలడం గాలివాటుకు జరిగే ప్రమాదం కాదు. చెట్టు తానే తొడిమ దగ్గర పొరను ఏర్పరచుకొని, ఋతువు ననుసరించి ఆకును విడుస్తుంది. తెలుగులో ఆకును 'తెంపు', ఆకు 'రాలు' అన్న క్రియల మధ్య ఉన్న తేడాయే ఈ రెండు పదాల మధ్య ఉంది. హైనెకె 1903లో చూసిన ముక్కలైన కేంద్రకాలు, నిశ్శబ్దంగా వాటిని మింగిన పొరుగుకణాలు ఈ కొత్త వర్ణనలో తమ స్థానాన్ని పొందాయి.

నిచ్చెన మెట్లు, ఒక కాపలాదారు

పేరు ఏర్పడ్డాక ప్రమాణాలు అవసరమయ్యాయి. 1976లో చెకొస్లొవేకియాకు చెందిన స్కల్కా, మత్యాషోవా, చెయికోవా ఒక ప్రధాన ఆధారం చూపారు. వికిరణం తగిలిన లింఫోసైట్ల డి.ఎన్.ఏ. అడ్డదిడ్డంగా కాక, క్రమమైన పొడవు గల ముక్కలుగా తెగుతోంది. విద్యుత్ క్షేత్రంలో వాటిని వేరుచేస్తే నిచ్చెన మెట్ల వలె సమదూరాలలో గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్క మెట్టు సుమారు 180 నుంచి 200 క్షారజంటల గుణిజం. కిరణాలు స్వయంగా డి.ఎన్.ఏ.ను కోస్తే ఇంత క్రమం సాధ్యం కాదు. కిరణానికి కొలబద్ద లేదు. ఒక గ్రే మోతాదు వికిరణం ఒక కణంలో డి.ఎన్.ఏ. రెండు పోగులనూ తెంచే విరుగుళ్ళు సుమారు 40 మాత్రమే కలిగిస్తుంది. ఈ నిచ్చెనకు అసంఖ్యాకమైన కోతలు కావాలి. కనుక కోస్తున్నది కణంలోని ఎంజైమే.

1987లో సెలిన్స్, కోహెన్ మరో అడుగు వేశారు. కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా అడ్డుకొనే మందులు ఇస్తే, వికిరణం తగిలిన లింఫోసైట్లలో ఈ విచ్ఛేదం ఆగింది. ఇది తలకిందులైన ఫలితం. కణం పనిని ఆపితే కణం బతికింది. అంటే మరణించడానికి కణం పనిచేయవలసి ఉంది. 1991లో ఆండ్రియాస్ స్ట్రాసర్ బృందం, మరణాన్ని నిరోధించే బి.సి.ఎల్-2 అనే జన్యువును అధికంగా కలిగిన టి కణాలు వికిరణాన్ని తట్టుకొంటాయని చూపింది.

1993లో నిర్ణయాత్మక ఫలితం వెలువడింది. 1979లో గుర్తించబడిన పి53 అనే ప్రోటీను అనేక మానవ కాన్సర్లలో చెడిపోయి ఉంటుందని అప్పటికి తెలుసు. ఈ జన్యువు లేని ఎలుకలను సృష్టించి, వాటి థైమస్ కణాలను వికిరణానికి గురిచేసిన రెండు బృందాలు ఒకే పత్రిక సంచికలో తమ ఫలితాలను ప్రకటించాయి. ఒక బృందంలో స్కాట్ లో, టైలర్ జాక్స్ ఉన్నారు. మరొక బృందంలో అలన్ క్లార్క్‌తో పాటు 1972 వ్యాసకర్తలలో ఒకరైన వైలీ ఉన్నారు. పి53 లేని లింఫోసైట్లు వికిరణానికి చావలేదు. అవే కణాలకు స్టెరాయిడ్ మందు ఇస్తే మాత్రం యథాప్రకారం మరణించాయి. అంటే మరణయంత్రం చెక్కుచెదరలేదు. వికిరణ వార్తను ఆ యంత్రానికి చేరవేసేవాడే లేడు. డి.ఎన్.ఏ. విరిగింది, కాని ఆ విరుగుడే మరణం కాదు. విరుగుడుకు, మరణానికి మధ్య ఒక నిర్ణయం ఉంది.

తరువాతి పరిశోధనలు ఆ నిర్ణయం నడిచే దారిని గుర్తించాయి. డి.ఎన్.ఏ. రెండు పోగులూ తెగినప్పుడు ఏ.టి.ఎం. అనే ఎంజైము మేల్కొంటుంది. దీని జన్యువును 1995లో యోసెఫ్ షిలో బృందం కనుగొంది. అది చెడిన పిల్లలలో నడక తడబడడం, రక్షణశక్తి లోపం, వికిరణానికి అతి సున్నితత్వం కలిసి కనిపిస్తాయి. ఏ.టి.ఎం. పి53కు ఫాస్ఫేటును చేర్చి దానిని స్థిరపరుస్తుందని 1998లో తేలింది. పి53 'ప్యూమా' వంటి ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. అవి బి.సి.ఎల్-2 రక్షణను ఛేదిస్తాయి. మైటోకాండ్రియాల నుంచి సైటోక్రోమ్-సి బయటికి వస్తుంది. కాస్పేజులనే ఎంజైములు ఒకదాని వెంట ఒకటి చైతన్యం పొందుతాయి. వాటి చర్య వల్ల కట్లు తెగిన మరో ఎంజైము డి.ఎన్.ఏ.ను క్రమమైన ముక్కలుగా కోస్తుంది. 1976లో కనిపించిన నిచ్చెన దాని పనే. చివరగా, కణపొర లోపలి వైపు ఉండవలసిన ఒక కొవ్వు అణువు బయటికి తిరిగి, భక్షక కణాలకు గుర్తుగా నిలుస్తుంది. హైనెకె ఎలుకల ప్లీహంలో జరిగిన 'శుభ్రత'కు ఇదే మూలం.

లింఫోసైటే ఎందుకు?

అన్ని కణాలలోనూ పి53 ఉంది. అయినా కండర కణం మరణించదు, చర్మపు పీచుకణం విభజన ఆపుకొని నిలుస్తుంది, లింఫోసైటు మరణిస్తుంది. దీనికి దాని జీవిత విధానంలోనే జవాబు వెదకవచ్చు. లింఫోసైటు ఎదిగే దశలో తన గ్రాహకాలను రూపొందించుకోవడానికి తన డి.ఎన్.ఏ.ను తానే కోసి అతికించుకొంటుంది. థైమస్‌లో పుట్టిన టి కణాలలో అత్యధిక భాగం, స్వశరీరం మీదకే తిరగబడే ప్రమాదం వల్లనో, పనికిరాని గ్రాహకం వల్లనో అక్కడే తొలగింపబడుతుంది. మరణానికి నిత్యం సిద్ధంగా ఉండడం ఈ వంశపు లక్షణం. లక్షలుగా పెరగగల శక్తి ఉండి, డి.ఎన్.ఏ. చెడిన రక్షణ కణం శరీరానికి ఎంత ప్రమాదమో రక్తకాన్సర్లు చెబుతాయి. కాబట్టి మరమ్మతు కంటె విసర్జనే ఈ కణం విషయంలో శరీరానికి క్షేమం.

ఈ వంశంలోనూ సమానత్వం లేదు. బి కణాలు ఎక్కువ సున్నితమైనవి. సహజ సంహారక కణాలు కొంత నిలబడతాయి. ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేసే దశకు చేరిన ప్లాస్మా కణాలు గట్టిగా తట్టుకొంటాయి. దీనితో ఒక పాత చిక్కు విడిపోయింది. రోగకారక పదార్థాన్ని ఎక్కించడానికి ముందు వికిరణం ఇస్తే ప్రతిరక్షకాల ఉత్పత్తి బాగా తగ్గుతుందనీ, తరువాత ఇస్తే అంతగా తగ్గదనీ విలియం, లూసీ తలియాఫెరో దంపతులు 1950ల ఆరంభంలో చూపారు. విశ్రాంతిలో ఉన్న కణం మరణిస్తుంది, పనిలోకి దిగిన కణం నిలుస్తుంది అన్న సూత్రమే ఆ ఫలితం వెనుక ఉంది.

ఈ వివరణకు హద్దులున్నాయి. మోతాదు బాగా పెరిగితే నిర్ణయానికి తావులేని నెక్రోసిస్ జరుగుతుంది. రక్తమార్పిడిలో దాత టి కణాలు రోగి శరీరంపై దాడి చేయకుండా రక్తాన్ని సుమారు 25 గ్రే మోతాదుకు గురిచేస్తారు. అక్కడ ప్రధానంగా కావలసినది ఆ కణాలు విభజన చెందలేకపోవడమే. ఒకే కిరణం మోతాదును బట్టి, కణాన్ని బట్టి వేర్వేరు మరణాలకు దారితీస్తుంది.

లింఫోసైటు బలహీనతను వైద్యం సాధనంగా కూడా మలచుకొంది. 1959లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం సమరూపులు కాని కవలల మధ్య మూత్రపిండాన్ని మార్చేటప్పుడు, తిరస్కరణను అణచడానికి రోగికి పూర్తి శరీర వికిరణం ఇచ్చింది. మూలుగ మార్పిడికి బాటలు వేసిన డొనాల్ థామస్ అదే మార్గాన నడిచాడు. 1990లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

ఆ సాధనం ప్రతిచోటా ఫలించలేదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో ప్రమాదం జరిగినప్పుడు బాధితులను మాస్కోలోని 6వ నంబరు ఆసుపత్రికి తరలించారు. అంజెలీనా గుస్కోవా నాయకత్వంలోని వైద్యులు లింఫోసైట్ల పతనాన్నీ, క్రోమోజోముల విరుగుళ్ళనూ లెక్కించి ఎవరికి ఏ చికిత్స అవసరమో వింగడించారు. తీవ్ర వికిరణ వ్యాధి నిర్ధారణ అయిన 134 మందిలో 28 మంది తొలి నెలల్లోనే మరణించారు. 13 మందికి మూలుగ మార్పిడి జరిగినా ఎక్కువమంది దక్కలేదు. చర్మం మీది తీవ్రమైన కాలిన గాయాలు చాలామంది మరణానికి దోహదం చేశాయి. లింఫోసైటు లెక్క మూలుగ స్థితిని చెప్పగలిగింది కాని మనిషి మొత్తాన్ని చెప్పలేకపోయింది.

ముగింపు

1903 నుంచి 1998 వరకు సాగిన ఈ చరిత్రలో కొత్త దృశ్యం కంటె కొత్త వాక్యం ఆలస్యంగా వచ్చింది. హైనెకె చూసినదానికి తరువాతి వారు రూపంలో చేర్చినది తక్కువ. మారినది ఆ దృశ్యంలో కర్త ఎవరన్న నిర్ణయం. కిరణం కర్తగా, కణం కర్మగా ఉన్న వాక్యం, కణమే కర్తగా ఉన్న వాక్యంగా పరిణమించింది. ఈ మార్పుకు దారి చూపినది సూత్రానికి లొంగని మినహాయింపు. దానిని మాటలో నిలిపినది భాషాచార్యుడొకడు అందించిన పదం. దానిని రుజువు చేసినది 1976 నుంచి 1993 వరకు జరిగిన ప్రయోగాలు.

అయితే ఈ అకర్మక క్రియను దాని హద్దులు దాటించడం చరిత్రకు న్యాయం కాదు. కణం స్థాయిలో లింఫోసైటు మరణిస్తుంది. మనుషుల స్థాయిలో మిదోరి నాకా, ఆమె వంటి వేలాదిమంది తమంతట తాము మరణించలేదు. వారిని చంపినది ఒక బాంబు, దానిని వేయాలన్న ఒక నిర్ణయం. రక్షణ కణం తన గాయాన్ని గుర్తించి తప్పుకొనే విధానం ఎంత సూక్ష్మంగా తెలిసినా, ఆ గాయం చేసినవారి బాధ్యత అణుమాత్రమూ తగ్గదు. జీవశాస్త్రం తన వాక్యాన్ని అకర్మకంగా దిద్దుకొన్నది; చరిత్ర తన వాక్యాన్ని సకర్మకంగానే ఉంచుకోవలసి ఉంది.